పున్నయ్య గారి ఎర్ర గడి

గుడివాడ స్టేషన్ రోడ్డులో, మందుల షాపు మీద మొదటి అంతస్తులో కిరణ్ కుమార్ గారి వెబ్‌సైట్ల ఆఫీసు ఉంది. ఆఫీసంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. మూడు బల్లలు, ఒక ఏసీ, ఆ ఏసీ కింద ఎవరు కూర్చోవాలన్న తగాదా. కిరణ్ కుమార్ గారు ఓనరు. లహరి ఫోన్లు ఎత్తుతుంది, సైట్లలోకి ఫొటోలు ఎక్కిస్తుంది. మిగిలిందంతా యశస్విని పని. మిగిలిందంతా అంటే బందరు లడ్డూ కొట్టు నుంచి అవనిగడ్డ కోచింగ్ సెంటరు దాకా, పెడన అద్దకం చీరలవాళ్ళ నుంచి పాలకాయతిప్ప బీచి దగ్గర గదులు అద్దెకిచ్చే అబ్రహాము గారి దాకా, సొంతానికి ఒక సైటు ఉండాలని ముచ్చటపడ్డ ప్రతివాళ్ళ సైటూ పడిపోకుండా కాపలా కాయడం.

సైట్లు పడిపోతూనే ఉంటాయి. నిన్న రాత్రి చక్కగా ఉన్నది పొద్దున్నే తెల్లమొహం వేస్తుంది. ఇదివరకు ఆ సంగతి ఆఫీసుకి తెలిసే దారి ఒక్కటే ఉండేది, సైటు తాలూకు మనిషి ఫోన్ చేసి తిట్టడం. తిట్టు ముందొచ్చేది, వివరం తరవాత వచ్చేది. కిరణ్ కుమార్ గారు ఫోన్ చెవికి కాస్త దూరంగా పట్టుకుని మాట్లాడడం అప్పుడే అలవాటు చేసుకున్నారు.

యశస్విని రాగానే ముందు దీని సంగతి చూసింది. ఆ పిల్ల అంతకుముందు హైదరాబాదులో పెద్ద కంపెనీలో ఇదే పని చేసింది. అక్కడ హాలంత గదిలో గోడ నిండా తెరలు, తెరల నిండా గీతలు. గీత ఎర్రబడితే బాగుచెయ్యాలి. ఒకసారి పొద్దుటి నుంచి తిండి మానేసి ఒక గీతని పచ్చగా మార్చి, "ఇంతకీ ఇది ఎవరి సైటండీ?" అని అడిగితే, పై అధికారి ఆమెను వింతగా చూసి, "నంబరుంది కదా" అన్నాడు. ఆ మాట ఆమెకి ఎక్కడో గుచ్చుకుంది. ఇక్కడ అలా కాదు. లడ్డూ కొట్టు సైటు నిలబెడితే సాయంత్రానికి లడ్డూలు వస్తాయి. తను ఎవరి కోసం పని చేస్తోందో వాళ్ళ మొహం తెలుసు, గొంతు తెలుసు, కొందరి షుగరు ఎంతుందో కూడా తెలుసు. అందుకే ఈ ఉద్యోగమంటే ఆమెకి ప్రాణం.

ఆమె చేసిందేమిటంటే, గోడకి పెద్ద టీవీ తగిలించి, అందులో అన్ని సైట్లనీ గడులుగా పేర్చింది. ఒక్కో గడిలో ఒక్కో సైటు ఆ నిమిషాన ఎలా ఉందో ఆ బొమ్మ కనిపిస్తుంది. బాగుంటే చుట్టూ ఆకుపచ్చ గీత. పడిపోతే ఆ గడి ఎర్రబడి, రెండింతలు పెరిగి, ఎగిరి పై వరసలోకి వచ్చి కూర్చుంటుంది, యశస్విని ఫోన్ కూడా మోగుతుంది. డ్యాష్‌బోర్డని దానికి ఒక పేరుంది గానీ, ఆఫీసులో అందరూ గోడ అనే అంటారు. గోడ వచ్చాక తిట్లు ఆగాయి. అటువాళ్ళు చూసుకునేలోపే ఇటువాళ్ళు బాగుచేసేస్తున్నారు. కిరణ్ కుమార్ గారి ఫోన్ మళ్ళీ చెవికి దగ్గరగా వచ్చింది.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఆ సంతోషం పట్టలేక ఆయన క్లయింట్లని పిలిచి గోడ చూపించడం మొదలుపెట్టారు.

అలా ఒక మధ్యాహ్నం ముదినేపల్లి పున్నయ్య గారు మెట్లెక్కి వచ్చారు. చేపల చెరువుల మీద పైకొచ్చిన మనిషి. ఫంక్షన్ హాలు, ఐసు ఫ్యాక్టరీ, మేత కొట్టు, స్కూలు, ఆయనకి లేనిది లేదు, అన్నిటికీ సైట్లున్నాయి. ఆఫీసు సగం ఆయన భుజాల మీదే నిలబడి ఉందంటే అబద్ధం కాదు. కాఫీ తాగుతూ గోడని పైనుంచి కిందికి చూశారు.

"ఏవయ్యా కిరణూ, మన హాలు ఎక్కడయ్యా?"

"అదిగోండి సార్, కింద వరసలో, కుడి చివర."

పున్నయ్య గారు కళ్ళజోడు సవరించుకుని కిందికి వంగారు. రావమ్మ కన్వెన్షన్. భార్య పేరు. రెండు వేలమంది కూర్చునే హాలు అక్కడ అగ్గిపెట్టెంత ఉంది. ఆయన నెమ్మదిగా లేచి పైకి చూశారు.

"మరి పైన ఎర్రగా, అంతెత్తున కూర్చున్నాడే, ఆ మహానుభావుడెవరు?"

"పాలకాయతిప్ప అబ్రహాము గారండి," అంది యశస్విని. "గదులు అద్దెకిస్తారు."

"ఎన్ని గదులు?"

"నాలుగండి."

"నాలుగు గదులాయన్ని నెత్తిన పెట్టుకుని, నన్ను కాళ్ళ దగ్గర పడేశారన్నమాట."

యశస్విని నవ్వాపుకుని ఓపిగ్గా చెప్పింది. పైన ఉన్నవి పడిపోయిన సైట్లని, అబ్రహాము గారి మేనల్లుడు ఎక్కడో ఊరికే వచ్చే సర్వరు మీద పెట్టడం వల్ల అది వారానికోసారి పడుతుందని, కింద ఉన్నవాళ్ళే ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్కని చెప్పింది. "ఆస్పత్రిలో జబ్బు ఎక్కువగా ఉన్నవాళ్ళని ముందు చూస్తారు కదండీ, అలాగన్నమాట."

"ఆస్పత్రిలో కూడా పెద్దోళ్ళకి స్పెషల్ రూము ఇస్తారమ్మా. వరండాలో పడుకోబెట్టరు. మా గడి పైకి రావాలి. పెద్దగా ఉండాలి. ఎర్రగా ఉండాలి."

"ఎరుపు మంచిది కాదండి."

"బొట్టు ఏ రంగులో పెడతారమ్మా?"

యశస్విని చెయ్యి నుదుటి బొట్టు మీదికి పోయింది.

ఈ పట్టుదల చూసి పున్నయ్య గారిని వెర్రిమనిషి అనుకోకండి. మా వైపు పుట్టినరోజుకీ, పెళ్ళికీ, షాపు ఓపెనింగుకీ, అన్నిటికీ ఫ్లెక్సీ కడతారు. దాని మీద ఎవరి ఫొటో పైన, ఎవరిది కింద, ఎవరి మొహం ఎంత సైజు అన్నదాని మీదే చుట్టరికాలు నిలబడి ఉంటాయి. ఆ దెబ్బ పున్నయ్య గారి ఇంట్లోనే తగిలింది. ఆయన హాలు కట్టేటప్పుడు పునాదుల నుంచి శ్లాబు దాకా దగ్గరుండి నడిపించినవాడు రావమ్మ గారి తమ్ముడు నాగేశ్వరరావు. తీరా ఓపెనింగు నాటి ఫ్లెక్సీలో ఆ బావమరిది ఫొటో అడుగున, వంటల కాంట్రాక్టరుకీ టెంటు హౌసు ఆయనకీ మధ్య తపాలా బిళ్ళంత వచ్చింది. నాగేశ్వరరావు గారు దాన్ని నిలబడి చూసి, భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయారు. ఫ్లెక్సీ వేసినవాడి పొరపాటేనని పున్నయ్య గారు ఊరందరికీ చెప్పారు, బావమరిదికి తప్ప.

ఆ మరుసటేడు రోడ్డుకి అవతల ఇంకో హాలు లేచింది. అక్క పేరు అప్పటికే బావ వాడేసుకున్నాడని నాగేశ్వరరావు గారు తన హాలుకి వాళ్ళమ్మ దుర్గాంబ గారి పేరు పెట్టారు. దాంతో పున్నయ్య గారు పొద్దున్నే గుమ్మంలోకి రాగానే అత్తగారి పేరు నిలువెత్తు అక్షరాల్లో చూడాల్సి వస్తోంది. రావమ్మ గారు మాత్రం కూర గిన్నెతో ఇటూ అటూ రోడ్డు దాటుతూనే ఉంటుంది. మగవాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఒకప్పుడు నోరారా బావా అని పిలిచిన మనిషి ఇప్పుడు "పున్నయ్య గారు" అంటాడు. ఆ 'గారు' వినపడినప్పుడల్లా పున్నయ్య గారికి ఒళ్ళు మండుతుంది. పైకి చెప్పరు గానీ, అంతకంటే ఎక్కువగా బాధేస్తుంది. ఇద్దరి సైట్లూ చూసేది కిరణ్ కుమార్ గారి ఆఫీసే.

"విజయవాడ వాళ్ళు నా చుట్టూ తిరుగుతున్నారయ్యా," అని మెట్ల మీద నిలబడి ఒక మాట వదిలి వెళ్ళారు పున్నయ్య గారు.

కిరణ్ కుమార్ గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "అమ్మా యశస్వినీ, ఆయన పోతే ఈ గదికి తాళమే. నేను మా మావగారి ఎరువుల కొట్లో కూర్చుంటాను. నువ్వు మళ్ళీ హైదరాబాదు బస్సెక్కుతావు. ఒక్క గడి ఎర్రగా పెడితే ఏం పోతుంది చెప్పు?"

"గోడ అబద్ధం చెప్పినట్టవుతుంది సార్."

"ఒక్కళ్ళ విషయంలోనే కదమ్మా!"

హైదరాబాదు బస్సు అనగానే యశస్వినికి ఆ హాలంత గదీ, పేర్లు లేని గీతలూ కళ్ళముందు ఆడాయి. ఆ సాయంత్రమే పని కానిచ్చేసింది. రావమ్మ కన్వెన్షన్ ఎప్పుడూ పడిపోయే ఉంటుందని గోడకి నచ్చజెప్పింది. గోడ నమ్మింది. గడి ఎర్రబడి, పెరిగి, పైకెక్కి కూర్చుంది. సైటు బొమ్మ ఒక్కోసారి సగం సగం వస్తోందని పున్నయ్య గారు సణిగితే దాని స్థానంలో ఆయనా రావమ్మ గారూ హాలు ముందు నమస్కారం పెడుతున్న ఫొటో అతికించింది. ఆమె ఫోన్ ఒకసారి మోగి ఊరుకుంది. పడి ఉన్నది మళ్ళీ పడిందని ఏ యంత్రమూ చెప్పదు, ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసీ చేసినందుకు ఆ వారమంతా ఆమెకి అన్నం సయించలేదు.

పున్నయ్య గారికి మాత్రం పండగే. గుడివాడ పని మీద వచ్చినప్పుడల్లా ఎవరో ఒకర్ని వెంటపెట్టుకుని మెట్లెక్కేవారు. "అదిగో, పైన. మనదే," అని చూపించి, కాఫీ తాగించి దింపేవారు. ఒకసారి అబ్రహాము గారు ఎదురుపడితే, "మీ పక్కనే వేశారండీ నన్ను," అని చెయ్యి కలిపారు కూడా. అబ్రహాము గారికి ఏమీ అర్థం కాలేదు. మంచి మనిషి కాబట్టి సంతోషించి వెళ్ళారు.

ఇలా ఉండగా శ్రావణమాసం ముహూర్తాలకి బుకింగులు తెరిచే రోజు వచ్చింది. ఎదురెదురు హాళ్ళు రెండూ ఒకే రోజు, ఒకే గంటకి తెరుస్తాయి. ఒకరి కంటే ఒకరు ముందు తెరిచారన్న మాట రాకూడదని ఇద్దరికీ పట్టుదల. ఆ పొద్దున యశస్విని గోడ చూసుకుంది. మిగతా అంతా ఆకుపచ్చగా ఉంది, పైన ఎర్ర గడిలో పున్నయ్య గారు నమస్కారం పెడుతున్నారు. హమ్మయ్య అనుకుని, లహరి తెచ్చిన పునుగుల పొట్లం విప్పింది.

ఫోన్ మోగింది. లహరి ఎత్తి, రిసీవరుకి చెయ్యి అడ్డం పెట్టి, "అక్కా, దుర్గాంబ హాలు నాగేశ్వరరావు గారు. గోడ చూసే అమ్మాయిని పిలవమంటున్నారు," అంది.

"నమస్తే అండి. మీ సైటు బ్రహ్మాండంగా ఉందండి, చూస్తూనే ఉన్నాను."

"నాది బానే ఉందమ్మా. బానే ఉండబట్టే ఫోన్ చేశాను. పొద్దుటి నుంచి నాకు ఊపిరాడట్లా, ఒకటే బుకింగులు. మా బావ హాలు కాదని నా హాలుకి ఇంతమంది ఎప్పుడొచ్చారు? అనుమానమొచ్చి చూశాను. మా బావ సైటు పడిపోయింది. తెల్ల కాయితం కనపడతంది. చూసుకోరేంటమ్మా?"

యశస్విని చేతిలో పునుగు అలాగే ఉండిపోయింది. సైటు తెరిచింది. నిజమే, ఏమీ లేదు. గోడ మీద మాత్రం పున్నయ్య గారు నవ్వుతూ నమస్కారం పెడుతూనే ఉన్నారు.

"ఇప్పుడే బాగుచేస్తానండి. ఉంటారా ఒక్క నిమిషం?"

"ఉంటాను, కానియ్."

తెల్లవారుజామున బుకింగుల భాగం తనంతట తానే కొత్త వెర్షన్‌కి మారి, మిగతాదానితో పొసగక మొత్తం కూలబడింది. ఆమె మారినదాన్ని వెనక్కి తిప్పింది. అవతల నాగేశ్వరరావు గారు తనలో తను మాట్లాడుకుంటున్నట్టు అంటున్నారు. "ఎదురుగా తలుపు తీసుకుని కూర్చుని ఉండగా నాకొస్తే అది బేరం. తలుపు బిగుసుకుపోయినప్పుడు వస్తే దాన్నేవంటారో నాకు తెలవదు. వచ్చినవి మాత్రం తిరిగివ్వనమ్మా, అది వేరే సంగతి."

"వచ్చేసిందండి! చూడండి."

"ఆ... వచ్చింది. సరే."

"మీరు రోజూ చూస్తారాండి ఈ సైటు?"

"రేట్ల కోసం. మరి దేనికి?" అన్నారాయన గబుక్కున. "నేను చెప్పానని చెప్పమాక. మాటివ్వు."

ఇచ్చింది.

ఫోన్ పెట్టేసరికి కిరణ్ కుమార్ గారు పరుగున వచ్చారు. మెట్ల కింద పున్నయ్య గారి కారు ఆగిందట. చుట్టాలు చాలామంది ఫోన్ చేసి మీ హాలు తెరుచుకోవట్లేదన్నారట. ఓనరు గారు చెమటలు తుడుచుకుంటూ గుసగుసగా చెప్పారు. "మనమే కనిపెట్టామని చెబుదాం. గోడ పసిగట్టింది, మీరు పెద్దమనిషి కాబట్టి మీది ముందు బాగుచేశామని చెబుదాం. ఆయన పొంగిపోతాడు. నువ్వు మాట్లాడకు, నేను చూసుకుంటాను."

యశస్విని గోడ వైపు చూసింది. ఆ మాట చెబితే ఉద్యోగం నిలుస్తుంది. ఎరుపు కూడా నిలుస్తుంది. ఇంకో ముహూర్తం రోజున ఇంకోసారి ఇదే జరుగుతుంది, అప్పుడు ఫోన్ చెయ్యడానికి నాగేశ్వరరావు గారికి ఓపిక ఉండకపోవచ్చు. పైగా ఆ సైటు వెనకాల ఉన్న మనిషిని తను ఎరుగును. ఎరిగి ఉండి ఆయనకి అబద్ధం చెప్పేటట్టయితే, మొహాలు తెలియని హైదరాబాదే నయం.

పున్నయ్య గారు వచ్చి కుర్చీలో కూలబడ్డారు. కాఫీ వద్దన్నారు.

"ఎంతసేపు పడింది?"

"సార్, మన గోడ వెంటనే..." అని కిరణ్ కుమార్ గారు మొదలుపెట్టారు.

"తెలీదండి," అంది యశస్విని. "మేం చూడలేదు."

కిరణ్ కుమార్ గారు కళ్ళు మూసుకున్నారు.

"చూడకపోవడమేంటమ్మా? అందరికంటే పైన, అందరికంటే పెద్దగా ఉన్నాను కదా!"

"అందుకేనండి. మీ గడి ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది కదా. పడినా ఎరుపే, నిలబడినా ఎరుపే. పైగా అందులో ఉన్నది మీ ఫొటో, మీ సైటు కాదు. నేను ఒప్పుకోకుండా ఉండాల్సింది. ఒప్పుకున్నాను, తప్పు నాదేనండి. మీరు సైట్లు తీసుకెళ్ళిపోతానన్నా నేనేమీ అనలేను."

లహరి కాగితాలేవో సర్దుతున్నట్టు తల దించుకుంది. పున్నయ్య గారు గోడ మీద నవ్వుతున్న తనని తను చాలాసేపు చూసుకున్నారు.

"అబ్రహాము పడితే తెలుస్తదా?"

"వెంటనే తెలుస్తుందండి."

"నేను పడితే మాత్రం ఎవరికీ తెలవదు. కొని మరీ తెచ్చుకున్నట్టుంది." ఆయన గోడ మీంచి చూపు తిప్పి అడిగారు. "మరి మీకెవరు చెప్పారు?"

"చెప్పనని మాటిచ్చానండి."

"మా చుట్టాలా?"

పున్నయ్య గారు ఆమె మొహంలోకి చూశారు. ఆ పిల్లకి మొహంలో ఏదీ దాగదు.

"నా సైటు రోజూ చూసేవాడు ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు," అన్నారు మెల్లగా. "పేరు చెప్పొద్దులే. ఏవన్నాడో చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు."

"'మా బావ సైటు పడిపోయింది, చూసుకోరేంటమ్మా' అన్నారండి."

"మా బావ అన్నాడా? పున్నయ్య గారు అనలా?"

"లేదండి. ఫోన్లో ఉన్నంతసేపూ బావ అనే అన్నారు."

పున్నయ్య గారు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. రోడ్డు మీద ఆటోలు తప్ప చూడ్డానికేమీ లేదు. అయినా అటే తిరిగి నిలబడ్డారు.

"ఆ ఫొటో పీకెయ్యమ్మా. అందరితోపాటు ఎక్కడ పడితే అక్కడ పెట్టు. సైట్లెక్కడికీ పోవులే కిరణూ, ముందా చెమట తుడుచుకో." జేబులోంచి ఫోన్ తీశారు. "వాడి నంబరు ఎప్పుడో తీసేశాను."

మాటిచ్చిన సంగతి గుర్తొచ్చి యశస్విని మనిషి పేరెత్తకుండా అంది. "దుర్గాంబ హాలు సైటు మీద బుకింగు నంబరు ఉంటుందండి. చదవమంటారా?"

"అక్కర్లేదు. రోజూ చూసేదేగా, నోటికొచ్చు," అని పున్నయ్య గారు అంకెలు నొక్కేశారు.

అవతల ఫోన్ ఎత్తిన చప్పుడైంది. దుర్గాంబ ఫంక్షన్ హాలండీ, ఏ తారీకు కావాలండీ అని నాగేశ్వరరావు గారి గొంతు హుషారుగా గదంతా వినపడింది. పున్నయ్య గారు ఫోన్ రెండు చేతులా పట్టుకున్నారు.

"తారీకు కాదురా," అన్నారు. "నేను. బావని."